మీటరు ఒకరి పేరున, సాగు మరొకరిది

వ్యవసాయానికి పగటిపూట కరెంటు ఇవ్వాలని మన సంఘం ఎన్ని సబ్‌స్టేషన్ల ముందు కూర్చుందో లెక్కలేదు. రాత్రిపూట మోటారు వేయడానికి పోయి పాము కాటుకో, షాకుకో బలైన రైతులు మనలో ఉన్నారు. అందుకే సోలారు కరెంటు వస్తుందంటే మనకు అభ్యంతరం లేదు. ఎండలో తయారయ్యే కరెంటును రాత్రికి నెట్టడానికి సాకు ఉండదు. మన పేచీ అది ఎవరి పేరున వస్తుందన్న దాని మీదే.

మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో బోర్లు చూడండి. సర్వీసు నంబరు పట్టాదారు పేరున ఉంటుంది. ఆయన ఏ హైదరాబాదులోనో ఉంటాడు. మోటారు కాలితే వైండింగుకు డబ్బు కట్టేది, ఫ్యూజు పోతే లైన్‌మన్ చుట్టూ తిరిగేది కౌలు రైతు. డిస్కం కాగితాల్లో మాత్రం ఆ మనిషి లేడు.

2019లో కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో సోలారు పంపుసెట్టు ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరిస్తే మిగతా 40 శాతం రైతు వాటా. ఆ వాటా ఎవరు పెడతారు? సాగు చేయని యజమానికి అక్కర లేదు. కౌలు రైతుకు వచ్చే ఏడు ఆ పొలం దక్కుతుందో లేదో తెలియదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలే, అదీ యజమాని సంతకం పెడితేనే. పాతికేళ్లు పనిచేసే పలకలను 11 నెలల కార్డు నమ్ముకుని ఎవరు బిగిస్తారు?

నగదు బదిలీదీ ఇదే రోగం. 2020లో రాష్ట్ర ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకు మీటర్లు పెట్టి, ఉచిత కరెంటు సబ్సిడీని ఖాతాలో వేస్తామన్నప్పుడు మనం అడిగింది ఒక్కటే: ఖాతా ఎవరిది? బషీర్‌బాగ్‌లో 2000 ఆగస్టు 28న ముగ్గురు ప్రాణాలిచ్చిన పోరాటం తర్వాత వచ్చిన ఉచిత కరెంటు ఇది. అది తీగలో రావాలి, బ్యాంకులో కాదు.

కుసుమ్‌లోనే మెరుగైన దారి ఉంది. మోటారుకొక పలక కాకుండా, సబ్‌స్టేషన్ దగ్గర ప్లాంటు పెట్టి వ్యవసాయ ఫీడరు మొత్తానికి కరెంటు ఇవ్వడం. అప్పుడు రైతు రూపాయి పెట్టనక్కర లేదు. ఫీడరు పాస్‌బుక్ అడగదు. ఆ లైను మీద ఉన్న కౌలు రైతు మోటారూ ఆడుతుంది. కొలవాలంటే ఫీడరు దగ్గర ఒక మీటరు చాలు.

అయితే ఆ ప్లాంటుకూ భూమి కావాలి, మెగావాటుకు నాలుగైదు ఎకరాలు. కర్నూలు సోలారు పార్కు 1000 మెగావాట్లకు దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. లీజు డబ్బు పట్టాదారుకు వస్తుంది, సాగు పోయిన కౌలుదారుకు, కూలికి ఏమీ రాదు. సాగులో ఉన్న భూమిని వదిలి బీడు చూడాలి. తప్పనిసరైతే కౌలుదారుకూ లీజులో భాగం రాయాలి.

విద్యుత్ నియంత్రణ మండలి ఏటా చార్జీల మీద బహిరంగ విచారణ జరుపుతుంది. ఈసారి చేతిలో లెక్కతో పోదాం. ప్రతి గ్రామ కమిటీ ఫీడరు వారీగా సర్వీసు నంబరు, పట్టాదారు పేరు, నిజంగా నీళ్లు పెడుతున్నవారి పేరు మూడూ రాసి వచ్చే సంచికలోగా జిల్లా కార్యాలయానికి పంపాలి.