బానెట్టు బిగించే ముందు

ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. నాటి బండి ఇంకా మీ ఇంట ఉంటే, ఇంటి పెద్దల్ని చూసుకున్నట్టే చూసుకుంటూ ఉంటారు. ఇంజను పని కోసం దాని బానెట్టును ఊడదీయవలసి వచ్చిందనుకోండి. తీయడం తేలికే, తిరిగి పెట్టడంలోనే ఉంది చిక్కంతా.

విప్పకముందే కీళ్ల చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. బిగించేటప్పుడు ఆ గీతే మీకు దారి చూపుతుంది. మడ్‌గార్డుల మీదా, అద్దం దిగువనా పాత దుప్పటి పరచండి. ఇద్దరు చెరోవైపు పట్టుకుని, కీళ్లను గీతలకు సరిపెట్టి, బోల్టులు చేతితో తిరిగినంత మేరకే తిప్పండి. ఇప్పుడు మెల్లగా మూసి చూడండి. సందు ఒక పక్క వెడల్పుగా, మరో పక్క ఇరుకుగా ఉందా? బలవంతాన నొక్కకండి, రేకు వంగుతుంది, రంగు పెచ్చులూడుతుంది. బోల్టు రంధ్రాల్లో వెసులుబాటు ఉంటుంది. ఆ మేరకు కొద్దికొద్దిగా జరిపి, రెండు పక్కలా సమానమయ్యాక స్పానరు పట్టండి.

గొళ్లెం సంగతి చివర చూడాలి. బండి పరుగులో ఉండగా బానెట్టు లేచి అద్దానికి అడ్డుపడితే ఎదుట దారే కనిపించదు. అందుకే గొళ్లెంతోపాటు రక్షణగా ఒక కొక్కెం కూడా పెడతారు. గొళ్లెం వదిలాక కూడా ఆ కొక్కెం పట్టి ఆపుతున్నదో లేదో చేతితో లేపి చూడండి.

సందులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫరవాలేదు. ఈ రెండూ సరిగా పట్టాయని తేలేదాకా మాత్రం పిల్లల్ని ఎక్కించుకుని వీధిలోకి వెళ్లకండి.