హెల్మెట్లకూ స్టార్ రేటింగు ఇవ్వాలి

మన దేశంలో హెల్మెట్ కొనే మనిషికి దాని ధర తెలుస్తుంది, రంగు తెలుస్తుంది, కంపెనీ పేరు తెలుస్తుంది. తల నేలకు కొట్టుకున్న క్షణంలో అది ఎంతమేరకు కాపాడుతుందో తెలుసుకునే దారి మాత్రం లేదు. ఒకే దుకాణంలో వెయ్యి రూపాయల హెల్మెట్, నాలుగు వేల రూపాయల హెల్మెట్ పక్కపక్కనే ఉంటాయి, పెద్ద నగరాల్లోనైతే జపాన్, ఇటలీ కంపెనీల హెల్మెట్లు అంతకు ఎన్నో రెట్లు పలుకుతాయి. డబ్బున్నవారు ధర ఎంత ఎక్కువైతే రక్షణ అంత ఎక్కువని నమ్మి కొంటున్నారు. లేనివారు మంచి హెల్మెట్ తమ తాహతుకు మించిన వస్తువనుకొని, రోడ్డు పక్క రెండు మూడు వందలకు దొరికే ప్లాస్టిక్ టోపీతో సరిపెట్టుకుంటున్నారు. ఈ రెండు నమ్మకాలూ తప్పే. వీటిని తొలగించాలంటే ప్రభుత్వం స్వయంగా మార్కెట్లో అమ్ముడవుతున్న హెల్మెట్లను కొని, పరీక్షించి, ప్రతి మోడల్‌కూ వచ్చిన ఫలితాన్ని స్టార్ రేటింగుగా ప్రకటించాలి. ఈ కరపత్రం కోరుతున్నది ఇదే.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. అదే ఏడాది హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది కాగా, వీరిలో 35,692 మంది బండి నడిపినవారు, 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్ పెట్టుకోవడం వల్ల మేలు ఉందా లేదా అన్నది ఎప్పుడో తేలిపోయిన విషయం: అనేక దేశాల్లో జరిగిన 61 అధ్యయనాలను కలిపి 2008లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష, హెల్మెట్ వల్ల మరణించే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని లెక్కగట్టింది. ఇక మిగిలిన ప్రశ్న, 74,897, 50,029 అనే రెండు మరణాల సంఖ్యల మధ్య తేడాలో ఉంది. హెల్మెట్ లేనివారిని తీసివేస్తే మిగిలే దాదాపు 25 వేల మందిలో అత్యధికుల తల మీద ఏదో ఒక హెల్మెట్ ఉందనే అనుకోవాలి. వారిలో ఛాతీకో పొట్టకో తగిలిన దెబ్బల వల్ల పోయినవారు తప్పక ఉంటారు, ఏ హెల్మెట్టూ ఆపలేని వేగంతో గుద్దుకున్నవారూ ఉంటారు. అయితే నాసిరకం హెల్మెట్ వల్ల, బిగించని పట్టీ వల్ల ఎందరు పోయారో ఆ లెక్క చెప్పదు.

హెల్మెట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ధర గురించిన భ్రమ సగం తొలగుతుంది. పైన కనిపించే గట్టి డొప్ప దెబ్బను ఎక్కువ వైశాల్యానికి పంచుతుంది, మొనదేలిన వస్తువులు లోపలికి దిగకుండా అడ్డుకుంటుంది. తలను అసలుగా కాపాడేది మాత్రం డొప్పకూ మెత్తని గుడ్డ లైనింగుకూ మధ్య ఉండే ఈపీఎస్ పొర, అంటే విస్తరింపజేసిన పాలీస్టైరీన్. కొత్త టీవీ పెట్టెలో మూలలకు అమర్చే తెల్లని థర్మాకోల్ కూడా ఈ పదార్థమే, హెల్మెట్‌లో దానిని మరింత దట్టంగా పోస్తారు. ఈ పొర నలగడమే దాని పని. తల సెకనుకు 7.5 మీటర్ల వేగంతో, అంటే గంటకు 27 కిలోమీటర్ల వేగంతో నేలను తాకిందనుకుంటే, నలిగే పొర ఆ తలను రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఆపితే మెదడు మీద పడే త్వరణం సుమారు 115 జీ ఉంటుంది. జీ అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం. అదే తల రెండున్నర మిల్లీమీటర్లలో ఆగవలసి వస్తే ఆ త్వరణం పది రెట్లవుతుంది. గంటకు 27 కిలోమీటర్లు చాలా తక్కువ వేగంగా తోచవచ్చు గాని, బండి అరవైలో వెళుతున్నా మనిషి జారి పడినప్పుడు తల నేలకు నిలువుగా కొట్టుకునే వేగం ప్రధానంగా పడిన ఎత్తును బట్టే ఉంటుంది కనుక, పరీక్షలు ఈ స్థాయి వేగాల దగ్గర జరుగుతాయి. ఒకసారి నలిగిన ఈపీఎస్ తిరిగి పూర్వస్థితికి రాదు. అందువల్ల గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత చెక్కుచెదరకుండా కనిపించినా, ఎంత ఖరీదైనదైనా, దానిని పారేయవలసిందే.

ఇలా చూస్తే రక్షణ ఆ పొర ఎంత మందంగా, ఎంత సరైన సాంద్రతతో ఉన్నదనే దాని మీద ఆధారపడుతుంది, ఈపీఎస్ పెద్ద ఖరీదైన పదార్థం కాదు. అమెరికాలో మోటార్‌సైక్లిస్ట్ పత్రిక 2005లో పదహారు హెల్మెట్లను తారురోడ్డు పలక మీద పడవేసి పరీక్షించినప్పుడు, తలకు అతి తక్కువ దెబ్బ చేరనిచ్చినది సుమారు 80 డాలర్లకు దొరికే ప్లాస్టిక్ డొప్ప హెల్మెట్. దానికి ఎన్నో రెట్లు ఖరీదైన కొన్ని హెల్మెట్లు అంతకంటే ఎక్కువ దెబ్బను తలకు చేరవేశాయి. కారణం నాణ్యతాలోపం కాదు. ఆ ఖరీదైన హెల్మెట్లు స్నెల్ అనే ప్రైవేటు సంస్థ ప్రమాణానికి అనుగుణంగా తయారైనవి. ఆ ప్రమాణం ఒకేచోట రెండుసార్లు చాలా గట్టిగా కొట్టినా తట్టుకోవాలని కోరేది గనుక, తయారీదారులు పొరను గట్టిగా పోయవలసి వచ్చేది, గట్టి పొర మామూలు ప్రమాదంలో తగినంతగా నలిగేది కాదు. ఈ ఫలితాల మీద పెద్ద వివాదమే చెలరేగింది. తరువాత వచ్చిన 2010 నాటి ప్రమాణంలో స్నెల్ తన నిబంధనలను సవరించుకొని యూరప్ పద్ధతికి దగ్గరగా వచ్చింది.

ఇలాంటి పరీక్షలు ఒక పత్రికతో ఆగిపోలేదు. బ్రిటన్ రవాణా శాఖ 2007లో షార్ప్ అనే పథకాన్ని మొదలుపెట్టింది. తయారీదారు పంపిన నమూనాను కాక, మార్కెట్లో అమ్ముడయ్యే హెల్మెట్లనే కొని, ఒక్కో మోడల్ మీద మూడు వేర్వేరు వేగాల్లో మొత్తం 32 పరీక్షలు జరిపి, ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇచ్చి, ఆ ఫలితాన్ని ఎవరైనా చూసుకునేలా ప్రకటించే పద్ధతి అది. అక్కడ పరీక్షకు వచ్చిన హెల్మెట్లన్నీ చట్టం అడిగిన ప్రమాణాన్ని దాటినవే, అయినా వాటి మధ్య రక్షణలో 70 శాతం దాకా తేడా ఉండగలదని తేలింది. అన్నిటికంటే గమనించవలసినది ఏమంటే, ఐదు స్టార్లు పొందినవాటిలో చవక మోడళ్లు కూడా ఉన్నాయి, వాటికి ఎన్నో రెట్లు ధర పలికే కొన్ని పేరున్న మోడళ్లు రెండు మూడు స్టార్ల దగ్గరే ఆగిపోయాయి.

అలాగని ఖరీదైన హెల్మెట్‌కు పెట్టిన డబ్బంతా వృథా అని చెప్పడం న్యాయం కాదు. ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ డొప్పల వల్ల బరువు తగ్గుతుంది, గాలి వచ్చిపోయే రంధ్రాలు మెరుగ్గా ఉంటాయి, గాలి హోరు తగ్గుతుంది, ముఖం ముందుండే వైజర్ మసకబారదు, లోపలి గుడ్డను విప్పి ఉతుక్కోవచ్చు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బండి మీద తిరిగే మనిషికి ఇవి విలాసాలు కావు. చెమట కారి ఊపిరాడని హెల్మెట్ ఎంత బలమైనదైనా చివరికి పెట్రోలు ట్యాంకు మీదికో మోచేతికో చేరుతుంది, నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు కనిపించినప్పుడే తలకెక్కుతుంది. రోజంతా బండి మీదే బతుకు వెళ్లదీసే డెలివరీ కార్మికుడు, సేల్స్ ప్రతినిధి సౌకర్యం కోసం కొంత ఎక్కువ పెట్టడం సబబే. మెదడు పుర్రెలో మెలితిరిగి గాయపడడాన్ని తగ్గించే ఏర్పాట్లు కూడా మొదట ఖరీదైన మోడళ్లలోనే వస్తున్నాయి, 22.06 అని పిలిచే యూరప్ కొత్త ప్రమాణం ఈ మెలికదెబ్బను కూడా పరీక్షిస్తున్నది. అయితే ఒక హద్దు దాటిన తరువాత పెట్టే ప్రతి వేయి రూపాయలూ ప్రధానంగా బరువుకు, నిశ్శబ్దానికి, రంగులకు, పేరుకు పోతాయి. ఏ హెల్మెట్ దగ్గర ఆ హద్దు ఉందో చెప్పగల సమాచారం కొనేవారి చేతిలో లేకపోవడమే అన్యాయం.

ధరల నిచ్చెనలో కింది మెట్టు గురించి మాత్రం ఏ సందేహమూ అక్కర్లేదు. భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 4151 అనే ప్రమాణానికి సరితూగి ఐఎస్‌ఐ ముద్ర పొందిన హెల్మెట్లనే తయారుచేసి అమ్మాలనే కేంద్ర ఉత్తర్వు 2021 జూన్ 1 నుంచి అమలులో ఉంది. ఆ ముద్ర లేని టోపీలో చాలాసార్లు ఈపీఎస్ పొరే ఉండదు, డొప్ప లోపల పలచని స్పాంజి మాత్రమే ఉంటుంది, అది తల బరువుకే అణిగిపోతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025లో వెల్లడించిన వివరాల ప్రకారం, దేశంలో 21 కోట్లకు పైగా ద్విచక్ర వాహనాలుండగా హెల్మెట్ తయారీకి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న సంస్థలు 176 మాత్రమే. ఒక్క ఢిల్లీలోనే లైసెన్సు గడువు తీరిన లేదా రద్దయిన తొమ్మిది తయారీదారుల దగ్గర 2,500కు పైగా హెల్మెట్లను స్వాధీనం చేసుకున్నారు. అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో 500కు పైగా హెల్మెట్ నమూనాలను పరీక్షించినట్లు కూడా ఆ శాఖే చెప్పింది. పరీక్షశాలలు ఉన్నాయి, యంత్రాలు ఉన్నాయి, నమూనాలు సేకరించే అధికారులు ఉన్నారు. ఏ మోడల్ ఎంత దెబ్బను ఆపిందన్న ఫలితం ఒక్కటే, దానిని తల మీద మోయవలసిన మనిషి దాకా రావడం లేదు. ఐఎస్‌ఐ ముద్ర ఉత్తీర్ణతను చెబుతుంది, మార్కులు చెప్పదు.

కార్ల విషయంలో కేంద్రం ఈ లోటును గుర్తించింది. భారత్ ఎన్‌క్యాప్ అనే పథకం 2023 ఆగస్టులో ప్రారంభమై అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కారును గోడకు గుద్దించి చూసి, లోపలివారికి ఎంత రక్షణ లభిస్తుందో స్టార్లలో చెప్పే పద్ధతి అది. లక్షలు పెట్టి కారు కొనేవారికి అందిన ఈ సౌకర్యం, రోడ్డు ప్రమాద మృతుల్లో దాదాపు సగం మంది అయిన ద్విచక్ర వాహనదారులకు అందకపోవడానికి తగిన కారణం ఏదీ కనిపించదు. హెల్మెట్ పరీక్షకు అయ్యే ఖర్చు కారు పరీక్షతో పోలిస్తే అతి స్వల్పం. భారత ప్రమాణాల సంస్థ ఏటా ఎక్కువగా అమ్ముడయ్యే మోడళ్లను పేరు చెప్పకుండా దుకాణాల్లో కొని, వేర్వేరు వేగాల్లో, తల వేర్వేరు భాగాల్లో పరీక్షించాలి. మెలికదెబ్బ పరీక్షను కూడా చేర్చాలి. ఫలితాన్ని హెల్మెట్ మీద అంటించే చీటీ మీద, సంస్థ నడిపే బీఐఎస్ కేర్ యాప్‌లో, తెలుగుతో సహా అన్ని భాషల్లో ప్రకటించాలి.

ఒక స్టార్ వచ్చిందని తెలిస్తే పేదవాడు ఆ హెల్మెట్ కూడా పెట్టుకోవడం మానేస్తాడని కొందరు ఆక్షేపించవచ్చు. ముద్ర పొందిన ప్రతి హెల్మెట్టూ ఉత్త తల కంటే ఎంతో మేలని ఆ చీటీ మీదనే అచ్చు వేస్తే ఈ భయానికి తావుండదు. రేటింగు వల్ల ధరలు పెరుగుతాయనే వాదనకు బ్రిటన్ అనుభవమే సమాధానం: చవక హెల్మెట్ ఐదు స్టార్లు తెచ్చుకున్నదని తెలిసిన నాడు, పేరుకు మాత్రమే ధర వసూలు చేసేవారి మీద ఒత్తిడి పెరుగుతుంది గాని, కొనేవారి మీద కాదు.

రేటింగు వచ్చేదాకా వాహనదారులు చేయదగినదీ చాలా ఉంది. గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్‌నే ఎంచుకోవాలి. జర్మనీలో డీట్‌మర్ ఓట్టే జరిపిన అధ్యయనంలో హెల్మెట్ మీద పడిన దెబ్బల్లో సుమారు మూడో వంతు గడ్డం భాగంలోనే కనిపించాయి. ఐఎస్‌ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది అసలుదో కాదో దుకాణంలోనే తేలిపోతుంది. సైజు విషయంలో మొహమాటం పనికిరాదు: హెల్మెట్ పెట్టుకొని పట్టీ బిగించి, గడ్డం దగ్గర పట్టుకొని అటూ ఇటూ తిప్పినప్పుడు బుగ్గల చర్మం దానితోపాటే కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారి తిరిగితే అది వదులైనట్లు, వెనుక అంచు పట్టుకొని ముందుకు లాగినా ఊడి రాకూడదు, కొన్ని నిమిషాలు ఉంచినా నుదుటి మీద ఒకేచోట నొప్పి పుట్టకూడదు. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియంతో సరిపోవాలని లేదు. పట్టీ బిగించని హెల్మెట్ తల నేలను తాకేలోపే ఎగిరిపోవచ్చు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా తలకు గట్టిగా కట్టుకున్న హెల్మెట్‌నే రక్షణగా లెక్కిస్తుంది. కొత్త బండి కొన్నప్పుడు ప్రమాణానికి సరితూగే హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 చెబుతున్నది కనుక, షోరూములో దానిని అడిగి తీసుకోవాలి. అన్నిటికీ మించి, హెల్మెట్ కోసం ఐదు వేలు కేటాయించగల కుటుంబం ఆ డబ్బుతో ఒక ఖరీదైన హెల్మెట్ కొనడం కంటే, సరిగ్గా సరిపోయే రెండు మంచి హెల్మెట్లు కొనడం తెలివైన పని. వెనుక సీటులో కూర్చొని 2022లో మరణించిన ఆ 14 వేల మందికి పైగా మనుషుల తల మీద హెల్మెట్ లేదు.

వినియోగదారుల సంఘాలు, డెలివరీ కార్మికుల యూనియన్లు, కళాశాలల యాజమాన్యాలు, రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు కేంద్ర రవాణా శాఖకూ భారత ప్రమాణాల సంస్థకూ లేఖలు రాయాలి. ఇప్పటికే పరీక్షించిన హెల్మెట్ల ఫలితాలను మోడల్ పేరుతో సహా బయటపెట్టమని, స్టార్ రేటింగు పథకానికి గడువు ప్రకటించమని ఆ లేఖల్లో అడగాలి. ఈ కరపత్రం చదివినవారు కూడా తమ ఊరి నుంచి ఒక లేఖ పంపాలని విజ్ఞప్తి.