ఇంటిలోని విమానము

ఇటీవల మన పాఠశాలకు వచ్చిన ఒక తండ్రిగారు, "అయ్యా! మావాడు దినమునకు రెండు గంటలు కంప్యూటరు ముందు కూర్చుండి విమానము నడుపుచున్నాడు. అడిగినచో, పెద్దయైన పిమ్మట పైలట్ నగుదునని చెప్పుచున్నాడు. ఇది చదువా? ఆటయా?" అని అడిగిరి. బెంగుళూరులో ఈ ప్రశ్న పుట్టుట వింత కాదు. హిందుస్థాన్ విమాన కర్మాగారము 1940లో ఇచ్చటనే వెలసినది. జక్కూరులో ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల కలదు. తలయెత్తిన బాలునకు విమానము కనబడుచునే యుండును. ఆ తండ్రిగారికి నేనిచ్చిన సమాధానమునే ఇచట వ్రాయుచున్నాను.

నేలపై కూర్చుండి విమానము నడుపుట నేర్చుకొనుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలో పియానోలు, ఆర్గనులు చేయువాని కుమారుడగు ఎడ్విన్ లింక్ 1929లో ఒక కృత్రిమ విమానమును నిర్మించెను. మన హార్మోనియములో నుండు తిత్తుల వంటి తిత్తులే దానిని వంచుచు, ఊపుచు నుండెడివి. మొదట దానిని కొన్నవారిలో వినోదశాలలవారే ఎక్కువ. 1934లో తపాలా మోయు సైనిక విమానములు దుర్వాతావరణమున కూలి పలువురు చోదకులు మరణించిన పిదప, అమెరికా సైన్యము ఆరు యంత్రములను కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లక్షలకొలది చోదకులు వానిపై అభ్యసించిరి. ఆడుకొన్నచో ఆటవస్తువు, అభ్యసించినచో విద్యాసాధనము. నేటి ఇంటి సిమ్యులేటరును గూర్చియు నా అభిప్రాయ మిదియే.

అభ్యాసమనగా నేమి? ఒక ఉదాహరణము చూడుడు. విశాఖపట్టణ విమానాశ్రయము దాదాపు సముద్రమట్టముననే యున్నది. బెంగుళూరు సుమారు 3000 అడుగుల ఎత్తున నున్నది. సాధారణముగా ఆ ఎత్తున గాలి సాంద్రత నూటికి సుమారు తొమ్మిది వంతులు తక్కువ. ఒకే చిన్న విమానమును, ఒకే బరువుతో, గాలి వీచని వేళ రెండు చోట్లనుండియు లేపి చూడుడు. బెంగుళూరులో అది రన్‌వేపై మరింత దూరము పరుగెత్తిన గాని లేవదు. పలుచని గాలిలో రెక్కకు ఆధారమును, ఇంజనుకు బలమును తగ్గుటయే కారణము. భౌతికశాస్త్ర పాఠము కన్నులకు గట్టుట కింతకంటె మంచి మార్గము కలదా?

రెండవది, చూపు. 1990 ఫిబ్రవరి 14వ తేదీన బొంబాయినుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానము బెంగుళూరులో రన్‌వేను చేరకముందే కూలి, 146 మందిలో 92 మంది మరణించిరి. దిగునపుడు వేగము తగ్గిపోవుచుండగా చోదకులు ప్రమాదమును సకాలమున గ్రహించి ఇంజను బలమును పెంచలేదని విచారణలో తేలినది. అనుభవజ్ఞులకే ఇట్లైనచో, బాలుడు మొదటి దినమునుండియే వేగసూచికను మాటిమాటికి చూచు అలవాటు చేసికొనవలదా?

మూడవది, మాట. అంతర్జాతీయ విమానయానమున చోదకులకు ఆంగ్ల పరిజ్ఞాన పరీక్ష 2008 నుండి తప్పనిసరి యైనది. తెలుగు మాధ్యమపు పిల్లలు దీనికి జంకనక్కరలేదు. రేడియోలో వాడు వాక్యములు చాలవరకు కట్టుదిట్టమైనవి, పొట్టివి. ఇంట గట్టిగా పలుకుచు వల్లించినచో అలవడును. కాని రెక్క ఏల లేచునో, విమానము ఏల కూలునో మాతృభాషలోనే ముందుగా బోధపడవలెను. బోధపడినదానికి ఆంగ్లపు మాట దొరకుట కష్టము కాదు.

ఇక లోపములు. ఇంటి కుర్చీ కదలదు, ఎదురుగాలి తగలదు, భయము కలుగదు. కూలినచో ఒక మీట నొక్కి మరల ఎగురవచ్చును. తెరకు అలవడినవాడు పరికరములనే చూచుచు, కిటికీవెలుపలి దిగంతమును మరచును. నిజవిమానమున చూపు వెలుపలనే యుండి, మధ్యమధ్య లోనికి రావలెను. అన్నిటికన్న ముఖ్యము: వాణిజ్య చోదకుని అనుమతికి 200 గంటల విమానయానము కావలెను. ఇంటి కంప్యూటరుపై గడపిన గంట ఒక్కటియు ఆ లెక్కలో చేరదు.

కావున తల్లిదండ్రులకు నా మనవి. కంప్యూటరును పగులగొట్టకుడు, పిల్లవాడు అప్పుడే పైలట్ అయినాడని మురిసి లక్షలు ఖర్చు చేయుటకును సిద్ధపడకుడు. ఫ్లైట్‌గేర్ వంటి ఉచిత సాధనము ఆరంభమునకు చాలును. రెండు గంటలకు మారుగా అరగంట చాలును. ప్రక్కన ఒక నోటుపుస్తకము మాత్రము తప్పక ఉండవలెను. నేడు అభ్యసింపబోవు పని ఒక్కటి ముందుగా వ్రాయవలెను. తప్పిన చోటును, తప్పిన కారణమును పిదప తెలుగులో వ్రాయవలెను. నెల గడచిన పిమ్మట ఆ పుస్తకమును మీరే తెరచి చూడుడు. అందు వ్రాత యున్నచో అది చదువు. పుటలు తెల్లగా నున్నచో ఆట.

దిగితే గాని లోతు తెలియదని మన పెద్దల మాట. ఆకాశము విషయమునను అది నిజమే. కాని ఒడ్డున నున్నప్పుడే ఒక క్రమము నేర్చినవాడు, దిగిననాడు తడబడడు.