కట్టు విప్పిన చెయ్యి

పోయిన వర్షాకాలంలో కాలేజీ మెట్లమీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు పిండికట్టు. "కదపకండి" అన్నారు డాక్టరుగారు. నేను ఆయనకంటె రెండాకులు ఎక్కువ చదివినవాణ్ణి గనుక వేళ్ళూ, మోచెయ్యీ, భుజమూ కూడా కదపలేదు.

కట్టు విప్పారు. ఎముక చక్కగా అతికింది. కాని పిడికిలి ముడవదు, భుజం లేవదు, సుద్దముక్క నిలవదు. అన్నం కలుపుకోలేక ఎడమచేత్తో చెంచా పట్టినప్పుడు మా అమ్మ ముఖం చూడలేకపోయాను.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నవ్వి, "మాస్టారూ, కదపవద్దన్నది విరిగినచోటు. వేళ్ళేం పాపం చేశాయి?" అంది.

కీలు కదలకపోతే దాని చుట్టూ ఉన్న పొర ముడుచుకుని బిగుస్తుంది, కండ చిక్కిపోతుంది. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలుద్రవంనుంచి దానికి ఆహారం అందాలంటే కదలిక ఉండాలి. 1852లో డచ్చి సైనికవైద్యుడు మాథిసెన్ పిండికట్టును లోకానికి తెలియజేశాడు. ఆ శతాబ్దంలోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు లూకా షాంపియోనియేర్, విరిగిన అవయవాన్ని త్వరగా కదిలించడమూ వైద్యమేనన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నేను విన్నది సగమే.

రోజూ వేళ్ళు మెల్లగా వంచి, లాగినట్టనిపించేచోట ముప్పై లెక్కపెట్టి వదిలేవాణ్ణి. గుంజితే వాపు వస్తుందని ఆ అమ్మాయి ముందే హెచ్చరించింది. మూడు నెలలకు పప్పన్నం నా చేత్తో కలుపుకున్నాను. అమ్మ మరికాస్త నెయ్యి వేసింది.

మీలో ఎవరికైనా కట్టు పడితే డాక్టరుగారిని, "ఏది కదపకూడదు?" అనే కాదు, "ఏది కదపాలి?" అని కూడా అడగండి.