నిచ్చెన జారితే తప్పు ఎవరిది?



"కాలు జారి పడ్డడు, వాని కర్మ." జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో ఈ మాట అనేక పర్యాయాలు విన్నాను. గల్ఫ్ నుండి చక్రాల కుర్చీలో తిరిగివచ్చిన యువకుని ప్రక్కన నిలబడి అతని తండ్రే ఆ మాట అన్ననాడు నేను మౌనం వహించాను. ఆ మౌనం తప్పు. ఈనాడు సమాధానం చెబుతున్నాను.

నేడు మన పిల్లలలో కొందరు విమానాశ్రయాలలోనూ పనికి కుదురుతున్నారు. శంషాబాదులోనూ విమానాల మరమ్మతు కేంద్రాలు వెలిశాయి. "నీడపట్టు పని, నిచ్చెన ఎక్కి దిగడమే" అని ఇంటివారు నిశ్చింతగా ఉంటారు. ఎయిర్‌బస్ ఏ320 తోక కొన సుమారు 12 మీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రయాణికులు ఎక్కే తలుపు గడపే 3 మీటర్లకు పైన. 3 మీటర్ల నుండి పడిన మనిషి ఒక్క సెకను గడవకముందే గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. కాళ్ళమీద పడితే మడమ ఎముక చితుకుతుంది. ఆ తాకిడి పైకి ప్రాకి నడుము దగ్గరి వెన్నుపూసను పగులగొట్టవచ్చు. అందుకే మడమ విరిగినవాని వెన్నును కూడా విధిగా పరీక్షించమని మాకు నేర్పారు. వెన్నుపాము చితికితే కాళ్ళతోపాటు మలమూత్రాలపై అదుపు కూడా పోతుంది. ఆపైన పడక పుండ్లు, మూత్రపిండాల జబ్బులు.

"జాగ్రత్తగా ఎక్కుము" అని గోడకు బోర్డు తగిలించి చేతులు దులుపుకొనే యాజమాన్యాలను అడుగుతున్నాను. నేలపై ఒలికిన నూనెను తుడిపించవలసినది ఎవరు? మెట్ల బండిని లాగివేసిన పిదప విమానం తలుపు తెరిచి ఉంచినది ఎవరు? బ్రేకు పట్టని చక్రాల స్టాండును మూలన పడవేయక వాడించినది ఎవరు? విమానం వేకువనే ఎగరాలని రాత్రంతా తొందరపెట్టినది ఎవరు?

రెండు చేతులా చాలాసేపు చేయవలసిన పనికి నిచ్చెన తగదు. చుట్టూ కటకటాలున్న వేదిక కావాలి. అది కుదరనిచోట ఒంటిని పట్టి ఉంచే బెల్టు, దానిని తగిలించే గట్టి కొక్కెం కావాలి. ఆనించే నిచ్చెన తప్పనిదైతే, ప్రతి 4 అడుగుల ఎత్తుకు దాని పాదం 1 అడుగు ఎడంగా ఉండాలి. పనిముట్లు చేతిలో గాక సంచిలో పైకి చేరాలి.

ఇవి కొత్త సంగతులా? పని స్థలానికి సురక్షితమైన దారి కల్పించడం యజమాని బాధ్యత అని మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టమే చెప్పింది. మన గీత కార్మికుడు మోకు లేనిదే తాడు ఎక్కడు. అంతటి అనుభవజ్ఞుడు సైతం పడుతున్నాడనే 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచాల పంపిణీ ప్రారంభించింది. తరతరాల నేర్పు గలవానికే జాగ్రత్త ఒక్కటి చాలనప్పుడు, నిన్న పనిలో చేరినవానికి ఎట్లా చాలుతుంది?

తల్లిదండ్రులారా! ఫోనులో "తిన్నావా బిడ్డా" అని అడిగిన నోటితోనే "బెల్టు ఇచ్చిన్రా" అని కూడా అడగండి. మీ కళ్ళెదుట ఎవరైనా ఎత్తు నుండి పడితే లేపి కూర్చోబెట్టకండి. తలను, మెడను కదలనీయక 108కి ఫోను చేయండి. ముఖ్యంగా, యజమాని చేసిన తప్పును కర్మ ఖాతాలో వేయకండి.