రంగులెయ్యడానికి జావాస్క్రిప్టెందుకు నాయనా?

మొన్న సంక్రాంతికి నర్సీపట్నం వెళ్ళాను. గడపలో అడుగు పెట్టానో లేదో, మా పిన్ని ఫోను నా చేతికిచ్చి, "ఏట్రా ఇది? జాబితాలో నా పేరుంది కదా, మరి సీటు లేదన్నారేటి?" అంది.

సంగతేంటంటే, కుట్టు నేర్పే సంస్థ ఒకటి దరఖాస్తు పెట్టిన అందరి పేర్లూ ఒకే జాబితాగా వెబ్ పేజీలో పెట్టింది. ఎంపికైతే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు. గొలుగొండ దగ్గర పల్లెలో ఉండే పిన్నికి, ఆ అంతంతమాత్రం సిగ్నల్‌లో అన్నీ నల్లగానే కనిపించాయి. పేరు చూసుకుని సంబరపడి, ఓ రోజు కూలి మానుకుని, ఆటో ఎక్కి వచ్చింది.

మనకున్న జబ్బు ఊరుకోదు కదా, వ్యూ సోర్సు చూశాను. ప్రతి ఎల్ఐ ట్యాగుకీ డేటా-స్టేటస్ యాట్రిబ్యూటు బుద్ధిగానే ఇచ్చారు. రంగులు మాత్రం ఓ జావాస్క్రిప్టు ఫైలు వేస్తుంది: ఎల్ఐలన్నీ పట్టుకుని, లూపులో ఒక్కోదాని యాట్రిబ్యూటు చదివి, స్టైలు మార్చడం. ఆ ఫైలు రాకపోతే అంతే సంగతులు.

ఆ రాసినవాణ్ణొక్కణ్ణే అనడం దేనికి, నేనూ ఇలాంటివి బోలెడు రాశాను. ఒకప్పుడు దానికో సాకుండేది. యాట్రిబ్యూట్ సెలెక్టర్లు 1998లో సీఎస్ఎస్2 తోనే వచ్చినా, 2001 నాటి ఐఈ6కి అవి అర్థమయ్యేవి కావు. 2006లో ఐఈ7 వచ్చాక ఆ సాకూ పోయింది. ఇవాళ సీఎస్ఎస్‌లో రెండంటే రెండు రూల్స్ చాలు. పైగా యాట్రిబ్యూటు మారితే రంగు దానంతటదే మారుతుంది. లూపు ఒకసారి తిరిగి ఊరుకుంటుంది, తర్వాత చేర్చిన పేరుకి రంగుండదు.

"సీఎస్ఎస్ ఫైలూ రాకపోతే?" అంటారా? మంచి ప్రశ్న. అందుకే అసలు విషయం రంగుకి అప్పజెప్పకూడదు. పేరు పక్కన "ఎంపికైంది" అని రాయడానికి ఏం రోగం? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళూ, తెరమీది మాటలు చదివించుకుని వినేవాళ్ళూ ఉన్నారు. రంగొక్కదానితోనే సమాచారం చెప్పొద్దని 2008లోనే డబ్ల్యూసీఏజీ 2.0 మొత్తుకుంది.

జావాస్క్రిప్టు వద్దనట్లేదు. "ఎంపికైనవాళ్ళనే చూపించు" అని బటన్ పెట్టాలా? క్వెరీసెలెక్టర్‌ఆల్‌కి అదే యాట్రిబ్యూటిచ్చి వెతకండి, మిగతావి దాచండి. అది దాని పని. అది రాకపోయినా జాబితా జాబితాలాగే ఉంటుంది.

ముందు మాట, తర్వాత యాట్రిబ్యూటు, ఆపైన సీఎస్ఎస్, చిట్టచివర జావాస్క్రిప్టు. ఈ వరస తిరగేస్తే మన ఆఫీసు వైఫైలో ఏమీ తెలీదు. పోయేది పిన్ని కూలి.

కాదనేవాళ్ళు ఓసారి ఫోనుకి సిగ్నలందని ఊరెళ్ళి, తమ పేజీ తామే తెరిచి చూసుకుని రండి. అప్పుడు వాదించుకుందాం.