అవార్డు ఒక భాషను బతికిస్తుందా? ఐర్లాండ్ 'ఇఫ్టా' చెప్పే పాఠం

2023 మార్చిలో జరిగిన 95వ ఆస్కార్ వేడుక అనగానే మనకు 'నాటు నాటు' గుర్తొస్తుంది. అదే వేడుకలో ఉత్తమ అంతర్జాతీయ చిత్రం విభాగంలో పోటీపడిన 5 సినిమాల్లో ఒకటి 'ద క్వయెట్ గర్ల్'. ఐరిష్ భాషలో తీసిన సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లడం అదే మొదటిసారి. అక్కడ అవార్డు రాలేదు. కానీ అంతకు ఏడాది ముందు, 2022లో, స్వదేశంలో ఇచ్చే ఇఫ్టా అవార్డుల్లో ఉత్తమ చిత్రంతో సహా 7 అవార్డులు ఈ సినిమాకే దక్కాయి.

ఇక్కడ మనం ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటుంది. చిన్న భాషను అవార్డులు కాపాడగలవా? అవార్డు ఒక్కటే కాపాడలేదని నా అభిప్రాయం. దాని వెనుక ఏళ్ల తరబడి సాగిన విధానం ఉంటేనే అవార్డుకు విలువ.

ఇఫ్టా అంటే ఏమిటి?

ఐరిష్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ అకాడమీకి పొట్టి పేరు ఇఫ్టా. 2003లో మొదలైన ఈ అవార్డులను సినిమాలకు, టీవీ డ్రామాలకు వేర్వేరు విభాగాల్లో ఇస్తారు. ఇది ప్రభుత్వ శాఖ కాదు, ఆ రంగంలో పనిచేసేవారే సభ్యులుగా ఉన్న అకాడమీ. విదేశీ చిత్రాల్లో రాణించిన ఐరిష్ కళాకారులనూ గుర్తిస్తుంది. 'ఓపెన్‌హైమర్' సినిమాకు కిలియన్ మర్ఫీ 2024లో ఉత్తమ నటుడి అవార్డు అందుకున్నది ఈ వేదిక మీదే.

అవార్డు వెనుక ఉన్న పని

ఐర్లాండ్ 1980ల మొదట్లో ఫిల్మ్ బోర్డు పెట్టింది. ఖర్చు తగ్గించుకోవాలని 1987లో మూసేసింది. ఐరిష్ దర్శకుడు నీల్ జోర్డాన్‌కు 'ద క్రయింగ్ గేమ్' స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చిన 1993లోనే బోర్డును మళ్లీ తెరిచారు. 1996లో ఐరిష్ భాషా టీవీ చానల్ వచ్చింది. అదే నేటి టీజీ4. 2017లో ఆ చానల్, ఫిల్మ్ బోర్డు, ప్రసారాల నియంత్రణ సంస్థ కలిసి 'సినే4' పథకం ప్రారంభించాయి. ఐరిష్ భాషలో సినిమాలు తీసేవారికి డబ్బు సమకూర్చడం దీని ఉద్దేశం. 'ద క్వయెట్ గర్ల్' ఈ పథకం కిందే తయారైంది. అంటే 2022లో వచ్చిన 7 అవార్డుల వెనుక పాతికేళ్లకు పైగా సాగిన పని ఉంది.

నాణేనికి రెండో వైపు

ఐర్లాండ్ 1937 రాజ్యాంగంలోని 8వ అధికరణ ప్రకారం ఐరిష్ ఆ దేశపు మొదటి అధికార భాష. బడుల్లోనూ నేర్పుతున్నారు. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 18.7 లక్షల మంది తమకు ఐరిష్ వచ్చన్నారు. చదువు అవసరాలకు బయట రోజూ మాట్లాడేవారు మాత్రం 72 వేల లోపే. హోదా, పాఠ్యపుస్తకం ఉన్నా నోట మాట నిలవలేదన్నమాట. అవార్డుల వెలుగులో ఈ నిజం మరుగున పడుతుందన్న విమర్శను కొట్టిపారేయలేం.

అయినా తెర చేసే మేలు ఒకటుంది. పరీక్ష కోసం చదివిన భాషను జనం ఆ సినిమాలో ఒక పల్లె ఇంట్లో, ఒక చిన్నపిల్ల నోట విన్నారు. పాఠం కాస్తా ఇంటి మాట అయింది. చట్టం ఒక్కటే ఈ పని చేయలేదు.

మనం ఎవరితో పోల్చుకోవాలి?

ఆదేశిక సూత్రాలను ఐర్లాండ్ నుంచి తీసుకున్నామని పాలిటీలో చదువుకుంటాం. భాష విషయంలోనూ ఆ దేశం నుంచి నేర్చుకోదగింది ఉంది. అయితే 2011 లెక్కల ప్రకారం 8 కోట్ల మందికి పైగా మాట్లాడే తెలుగును ఐరిష్‌తో పోల్చడం సరికాదు. పోల్చాల్సింది ఆదిలాబాద్‌లో వినిపించే గోండీ, కొలామీ లాంటి భాషలతో. అవే లెక్కల్లో దేశంలో గోండీ మాతృభాషగా ఉన్నవారు దాదాపు 30 లక్షలు. అయినా అది 8వ షెడ్యూలులో లేదు. జాతీయ చలనచిత్ర అవార్డుల్లో షెడ్యూలు బయటి భాషల సినిమాలకూ చోటు ఉంది. కానీ సినిమాయే తయారుకాకపోతే అవార్డు ఎవరికి ఇస్తాం?

ఐర్లాండ్ ధనిక దేశం, మనకు ప్రాధాన్యాలు వేరన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే ఏటా కొన్ని చిన్న సినిమాలకు సాయం చేయడం, వాటికి టీవీలో సమయం కేటాయించడం మోయలేని భారమేమీ కాదు. మైనారిటీల భాషను, లిపిని కాపాడుకునే హక్కును 29వ అధికరణ గుర్తించింది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని 350ఎ చెబుతోంది. ఆ స్ఫూర్తి బడితో ఆగిపోకుండా తెర దాకా రావాలి.

ముగింపు

అవార్డు పంట లాంటిది. విత్తనం, నీరు లేకుండా కోతల పండగ చేసుకోలేం. ఐర్లాండ్ ముందు విత్తింది, తర్వాతే పండగ చేసుకుంది. మనం కూడా ఆ వరుసలోనే నడవాలి.

సాధన ప్రశ్న: 'అధికార హోదా భాషకు గౌరవాన్నిస్తుంది, వాడుక ప్రాణాన్నిస్తుంది.' భారతదేశంలోని గిరిజన భాషల నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు)